రేవుపేట సభ్యుడి కుర్చీ

టికెట్ల కిటికీ దగ్గర గొడుగు ముడుస్తూనే తల్లి సణుగుడు మొదలుపెట్టింది.

"టికెట్టా? సైనికుల కాలంలో ఈ గేటులోంచి జనాన్ని ఊరికే లోపలికి తోసేవాళ్ళు. బయటికి రావడమే కష్టంగా ఉండేది."

కిటికీ వెనక మనిషి నవ్వాలో వద్దో తెలియక చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు. కూతురు తల్లి మోచెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిపించింది. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. ఆ వానలో మ్యూజియం చూడాలన్న బుద్ధి ఊళ్ళో మరెవరికీ పుట్టినట్టు లేదు.

కూతురిది రైల్వే స్టేషన్లో అనౌన్సర్ ఉద్యోగం. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఎంత ఆలస్యమో ఊరంతా ఆమె నోటి వెంటే వింటుంది. ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు గానీ, ఆ మొహం తెలిసినవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. స్టేషన్లోనూ, వీధిలోనూ అందరికీ ఆమె అనౌన్సరమ్మే.

మ్యూజియం భవనం ఒకప్పుడు రాజుగారిది. రాజు పోయాక దర్బారు హాల్లో కుర్చీలు వేసి, ప్రజలు ఎన్నుకున్నవాళ్ళతో సభ పెట్టారు. ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. ఒక వానాకాలం పొద్దున సైనికులు హాలు చుట్టుముట్టారు. గుమాస్తా ఎప్పటిలాగే హాజరు పిలిచాడు. పేర్లు పెట్టి పిలవడం ఆ సభలో అలవాటు లేదు, ఎవరు ఏ పేట నుంచి గెలిస్తే ఆ పేటే వాళ్ళ పేరు. 'ఉన్నాను' అని పలికినవాళ్ళను పలికినట్టే లేపి, అధ్యక్షుడి కుర్చీ వెనక ఉన్న తలుపులోంచి పెరట్లోకి నడిపించారు. మళ్ళీ ఎవరూ ఇల్లు చేరలేదు. ఏళ్ళు గడిచి సైనికుల పాలన కూలిపోయాక పెరడు తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. వాటిలోనే ఎవరివాళ్ళను వాళ్ళు వెతుక్కుని, గుర్తుపట్టి, ఏడ్చి, ఊరుకున్నారు.

రేవుపేట సభ్యుడి ఆనవాలు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆయనే అనౌన్సరమ్మ తండ్రి. ఆమె అప్పటికి ఇంకా పుట్టలేదు.

ఆ పొద్దున ఆయన వీధి చివరిదాకా వెళ్ళి, కళ్ళజోడు మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. భార్య నాలుగు చీవాట్లు పెట్టి, అద్దాలు తుడిచి చేతికిచ్చింది. అందుకే ఆలస్యమైంది. రేవుపేట అని పిలిచినప్పుడు హాల్లో జవాబు రాలేదని తర్వాత ఆ గుమాస్తాయే చెప్పాడు. ఆ తర్వాత కాసేపటికి ఆయన తడిసిన బట్టలతో భవనం మెట్లు ఎక్కడం ఎదురుగా పూలమ్మే మనిషి చూసింది. దిగడం ఎవరూ చూడలేదు.

తల్లి లెక్క తల్లిది. "చచ్చినవాళ్ళంతా పెరట్లో దొరికారు. ఈయన దొరకలేదు. అంటే ఏమిటి? బతికున్నట్టేగా!"

ఆ లెక్క మీదే ఇల్లు నడిచింది. కూతురు బళ్ళో మొదటి బహుమతి తెస్తే, "దాచిపెట్టు, మీ నాన్న వచ్చాక చూపిద్దాం" అంది తల్లి. పిల్లను అడగడానికి ఎవరైనా వస్తే, "ఆయన రానివ్వండి, ఆయనతో మాట్లాడండి" అని కాఫీ ఇచ్చి పంపించేసింది. వచ్చినవాళ్ళు రెండోసారి రాలేదు. కూతురు ఏం చెబుతున్నా తల్లి చూపు ఆమె భుజం మీదుగా వీధి తలుపు మీదికి పోయేది. ఎన్నోసార్లు అనౌన్సరమ్మకు గట్టిగా అరవాలనిపించింది. 'నేను ఉన్నానమ్మా! రానివాడి కోసం చూడకు, వచ్చినదాన్ని, ఇదిగో, నన్ను చూడు!' అరవలేదు. స్టేషన్‌కు వెళ్ళి బళ్ళ పేర్లు చదివేది.

పోయిన నెల మ్యూజియం అధికారి ఫోన్ చేశాడు. పెరటిగోడ దగ్గర రాయి నిలబెట్టి, పోయినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తున్నారట. చివర రేవుపేటకు చోటు ఉంచారట. ఇంటివాళ్ళు సరేనంటే చెక్కుతామన్నాడు. తల్లి ఫోను లాక్కుని, "బతికున్న మనిషిని రాయి మీద చెక్కుతారా? మీ ఇంట్లో వాళ్ళను చెక్కించుకోండి ముందు!" అని కడిగేసింది. ఆ రాత్రే ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరింది. గుండె బాగా అరిగిపోయిందని, ఇక జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టరు చెప్పాడు. అలా చెప్పేటప్పుడు ఆయన తల్లిని కాకుండా కూతుర్ని పక్కకు పిలిచి చెప్పాడు. దాని అర్థం ఏమిటో ఆమెకు తెలుసు.

అందుకే తీసుకొచ్చింది. తండ్రి లేడని తల్లి ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. మిగిలిన నాలుగు రోజులైనా ఆ ముసలి కళ్ళు తలుపును వదిలి తనవైపు తిరుగుతాయి. అనౌన్సరమ్మకు జీవితంలో ఇంతకంటే పెద్ద కోరిక ఏదీ మిగల్లేదు.

తిప్పి చూపించడానికి వచ్చిన గైడమ్మాయి చదువు అయిపోయి ఏడాది కూడా అయినట్టు లేదు. అనౌన్సరమ్మ నోరు తెరిచి రెండు మాటలు అనగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మీరు రైలు మేడమ్ కదూ! రోజూ మీరు చెబితేనే నేను బండి ఎక్కేది! మా అమ్మ కూడా మీ గొంతు వింటే గుర్తుపట్టేస్తుంది."

"చూశావా," అంది తల్లి, "నీకంటే నీ గొంతుకే గౌరవం ఎక్కువ."

గదులన్నీ పెద్దవి, కప్పులు ఎత్తైనవి. తడిసిన సున్నం వాసన, పాత గుడ్డల్లో దాచిన కలరా ఉండల వాసన కలిసిపోయి ముక్కు పట్టేస్తున్నాయి. రాజుగారి భోజనశాల నిండా ఎన్నికల పోస్టర్లు. నాయకులు నవ్వుతున్నారు. పడకగదిలో మైకులు, మెగాఫోన్లు. రాజుగారి స్నానాలగదిలో, పాలరాతి తొట్టి పక్కన, తాళాలు వేసిన ఓట్ల పెట్టెలు వరసగా ఉన్నాయి.

"చోటు బాగానే కుదిరింది," అంది తల్లి తొట్టినీ, పెట్టెలనూ మార్చి మార్చి చూసి. "ఎలాగూ మనం వేసిన ఓట్లు నీళ్ళల్లో పోసినవేగా."

గైడమ్మాయి పకపకా నవ్వింది. ఈసారి కూతురికీ నవ్వొచ్చింది. తల్లి ఇంత హుషారుగా ఉండి ఎన్నాళ్ళయిందో. ఇద్దరూ ఇలా బయట తిరిగి మాత్రం ఎన్నాళ్ళయింది? సినిమాకు కూడా వెళ్ళేవాళ్ళు కాదు, ఆయన ఆ పూటే వచ్చి తలుపు కొడితే ఎలా అని.

చివరిది దర్బారు హాలు.

లోపలికి అడుగుపెట్టగానే వాన చప్పుడు దూరమైపోయింది. కిటికీలకు ముదురు రంగు తెరలు. అర్ధచంద్రాకారంలో మూడు వరసల కుర్చీలు, ప్రతిదానికీ ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద పేట పేరు. ఎదురుగా ఎత్తు మీద అధ్యక్షుడి కుర్చీ, దాని కింద గుమాస్తా బల్ల. వెనక గోడలో చిన్న ఇనపతలుపు.

"ఇక్కడ మేము ఒక పని చేయిస్తాం," అంది గైడమ్మాయి. గొంతు దానంతటదే తగ్గిపోయింది. "వచ్చినవాళ్ళు తలా ఒక కుర్చీలో కూర్చుంటారు. నేను ఆ బల్ల దగ్గర నిలబడి హాజరు పిలుస్తాను. ఎవరి కుర్చీ పిలిస్తే వాళ్ళు 'ఉన్నాను' అని పలకాలి. ఆ రోజు లోపలున్నవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో తెలియడానికి."

"తర్వాత ఆ తలుపులోంచి తీసుకెళ్తారా?" అంది తల్లి.

"లేదండీ అమ్మగారూ. ఆ తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఎవరి తరమూ కాలేదు. పెరట్లోకి బయటినుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి."

తల్లి ఆ మాట పూర్తిగా వినలేదు. చేతికర్ర టకటకలాడించుకుంటూ చివరి వరసలోకి వెళ్ళిపోయింది. కొసన ఉన్న కుర్చీ ముందు ఆగింది. ఆ కుర్చీకి ఒక చేతి నుంచి మరో చేతికి ఎర్రటి తాడు కట్టి ఉంది.

"దానిలో ఎవరినీ కూర్చోనివ్వమండీ," అని గైడమ్మాయి వెనకాలే పరుగెత్తింది. "దాన్ని పిలవం కూడా."

"ఎందుకు?" అని అడిగింది అనౌన్సరమ్మ.

"తెలియదు మేడమ్. నేను చేరిన రోజే పెద్దవాళ్ళు చెప్పారు, రేవుపేట పిలవొద్దు, దాటేసి పక్కది పిలువు అని. ఎందుకని అడిగితే మాట మార్చేస్తారు."

మిగతా కుర్చీల మెత్తలు ఉబ్బెత్తుగా, బిర్రుగా ఉన్నాయి. ఈ ఒక్కదాని మెత్త మధ్యలో అణిగిపోయి ఉంది. తల్లి తాడు కింది నుంచి చెయ్యి పోనిచ్చి మెత్త మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"వెచ్చగా ఉందే," అంది.

"ఎండకేమోలే అమ్మా."

అన్నాక ఆమెకే గుర్తొచ్చింది. రెండు రోజులుగా ఎండ లేదు.

అప్పుడే కరెంటు పోయింది. తెరల సందుల్లోంచి వచ్చే బూడిదరంగు వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. గైడమ్మాయి వాకిలి దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌ను కేకేసింది. జవాబు రాకపోతే అక్కడే నిలబడింది. తల్లి కుర్చీ పక్కన, చెయ్యి తియ్యకుండా, నిలబడింది. అనౌన్సరమ్మ ఇద్దరినీ చూసింది, గుమాస్తా బల్లను చూసింది.

ఆలోచన అప్పుడు వచ్చింది. ఎంత చెప్పినా తల్లి వినదు. మాట వినని మనిషికి నిశ్శబ్దం వినిపిస్తే? పిలిస్తే పలకడానికి ఎవరూ లేరని తన చెవులతోనే వింటే?

ఆమె వెళ్ళి బల్ల వెనక నిలబడింది.

"మేడమ్, ఏం చేస్తున్నారు?" అంది గైడమ్మాయి.

"మగ్గాలవీధి," అని పిలిచింది అనౌన్సరమ్మ. స్టేషన్లో బండి పేరు చదివే గొంతే. తొణకదు, బెణకదు. హాలంతా పాకింది. జవాబు లేదు.

"ఉప్పుమళ్ళు." జవాబు లేదు.

"రైలుగేటు." జవాబు లేదు.

"మేడమ్, వద్దు…"

"రేవుపేట."

వాన కూడా ఆగినట్టనిపించింది. తల్లి తల కాస్త ముందుకు వంచి, నోరు కొద్దిగా తెరిచి వింటోంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపటికీ తెగలేదు. చివరికి తల్లి భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎన్నో ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరిని ఒక్కసారిగా వదిలింది.

"పలకలేదే," అంది చిన్నపిల్లలా. "పలకలేదమ్మా."

అనుకున్నంతా అయింది. అనౌన్సరమ్మ అక్కడితో బల్ల వదిలి, వెళ్ళి తల్లిని పట్టుకుని ఉంటే సరిపోయేది. కదలబోయింది కూడా. కానీ తల్లి ఆ మాట అన్న తీరుకు ఆమె గుండె చెరువైపోయింది. పుట్టినప్పటి నుంచీ నోట్లోనే ఉండిపోయిన మాట ఒకటి పైకి తన్నుకొచ్చింది. అందరు పిల్లలూ రోజుకు వందసార్లు అనే మాటే అది. ఆమెకు మాత్రం ఇంతవరకూ అనడానికి మనిషి లేకపోయాడు. ఈసారి వచ్చింది స్టేషన్ గొంతు కాదు, ఆమెదే. సన్నగా, వణుకుతూ…

"నాన్నా…"

కుర్చీ కిర్రుమంది.

ఎర్రతాడు దానంతటది బిగిసి, వదులైంది. తడిసిన బట్టల వాసన వచ్చింది. అప్పుడే వానలోంచి లోపలికి వచ్చిన మనిషి దగ్గర వచ్చే వాసన.

"ఉన్నానమ్మా."

మగగొంతు. మెత్తగా ఉంది. వయసులో ఉన్న గొంతు. ఆమె కంటే చిన్నవాడి గొంతు. తన తండ్రి తన కంటే చిన్నవాడన్న సంగతి ఆమెకు అంతవరకూ తట్టలేదు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం వెయ్యలేదు, ఆ ఒక్క క్షణం. తల్లివైపు చూసింది, సంతోషంతో కూలబడిపోతుందేమోనని. తల్లి మొహంలో సంతోషం లేదు. మొహం పాలిపోయింది.

"అయ్యో…" అంది తల్లి. "అయ్యో, ఎందుకు పిలిచావే!"

"అమ్మా…"

"ఎవరు పిలిచినా పలక్కుండా, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని దాక్కున్నాడే… బిడ్డ పిలిస్తే ఎలా ఊరుకుంటాడే…"

గోడ వెనక ఏదో కదిలింది.

బూట్లు. ఒక జత కాదు. రాతి నేల మీద… దగ్గరికి… ఇంకా దగ్గరికి. తుప్పుపట్టి బిగుసుకుపోయిందన్న తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. చల్లటి గాలి కొట్టింది. తలుపు అవతల చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. అయినా హాల్లోకి ఎవరో వచ్చారు. నేల చెక్కలు ఒక్కొక్కటే అణిగాయి. ఆమె పక్కనుంచి దాటి… చివరి వరసలోకి… కుర్చీదాకా.

తాడు ఊడి కింద పడింది.

అడుగులు మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఇప్పుడు వాటి మధ్యలో ఇంకో జత ఉంది. తడిసిన చెప్పుల చప్పుడు. బల్ల ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆమె మొహం మీద ఎవరి ఊపిరో తగిలింది. ఎవరో ఆమెను తేరిపార చూస్తున్నారు. చూసి, చూసి… వాళ్ళు లాగితే కదిలినట్టు, కదిలారు.

అప్పుడు ఆమె చెవి పక్కనే మరో గొంతు అడిగింది. పొడిగా, తీరిగ్గా, పని చేసుకునే మనిషి గొంతు.

"పిలిచిందెవరు?"

అనౌన్సరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"పిలిచిందెవరు?"

చీకట్లో తల్లి ఆమెనే చూస్తోంది. పెదాల మీద వేలు పెట్టుకుంది. పలకకు. చిన్నప్పుడు జ్వరంలో కలవరిస్తుంటే కూడా అలాగే వేలు పెట్టేది. అనౌన్సరమ్మ పెదవి పళ్ళ కింద పెట్టి నొక్కుకుంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"నేను," అంది తల్లి.

కర్ర వదిలేసి నిటారుగా నిలబడింది. ఆ నడుము అంత నిటారుగా నిలబడగలదని కూతురికి తెలియదు.

"నేనే పిలిచాను. నా మొగుణ్ణి నేను కాక ఇంకెవరు పిలుస్తారు? పదండి."

కాదని ఒక్క మాట అంటే చాలు. 'అమ్మ కాదు, నేను.' మూడే మాటలు. అవి నాలుక చివరిదాకా వచ్చాయి, కానీ నోరు తెరుచుకోలేదు. భయపడింది. అంతే. అమ్మ తన బదులు నడుచుకుంటూ వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది.

తలుపు దగ్గర తల్లి ఆగి వెనక్కి తిరిగింది. అవతల ఆయన ఉన్నాడు, జీవితమంతా ఎదురుచూసిన మనిషి, రెండడుగుల్లో ఉన్నాడు. ఆమె అటు చూడలేదు. కూతుర్నే చూసింది. ఎక్కడికీ పోకుండా, ఆమె భుజం మీదుగా జారకుండా, చూపు ఆమె మొహం మీదే ఆగింది. అనౌన్సరమ్మ ఇన్నేళ్ళుగా అడిగింది ఆ ఒక్క చూపే.

తలుపు మూసుకుంది. పెరట్లోంచి పావురాలన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ లేచాయి.

కరెంటు వచ్చింది. గైడమ్మాయి వాకిట్లో గోడకు అతుక్కుపోయి ఉంది. ఇద్దరూ తలుపు మీద పడి గుద్దారు, తోశారు. తుప్పు రాలింది గానీ అది కదల్లేదు. వానలో పడి చుట్టూ తిరిగి పరుగెత్తారు. పెరటిగోడ దగ్గర, చెక్కడానికి నిలబెట్టిన రాయికి వీపు ఆనించి, తల్లి కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి పక్కకు చాపి ఉంది, వేళ్ళు మడిచి ఉన్నాయి, పక్కనున్న ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు. ఆ వేళ్ళు విప్పడానికి ఆసుపత్రివాళ్ళు చాలా అవస్థపడ్డారు.

గుండె ఆగిపోయిందన్నారు. ఎలాగూ అరిగిపోయిన గుండే కదా అన్నారు. పాపం, చివరిచూపుగా మొగుడు తిరిగిన చోటు చూసుకుని పోయిందన్నారు. ఆ ముసలావిడ చేతికర్ర లేకుండా, వానలో, అంత దూరం చుట్టూ తిరిగి పెరట్లోకి ఎలా వెళ్ళిందని ఎవరూ అడగలేదు.

అనౌన్సరమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పలేకపోయింది. ఆ సాయంత్రం నుంచీ ఆమెకు గొంతు రావడం లేదు. నోరు కదులుతుంది, గాలి వస్తుంది, చప్పుడు రాదు. డాక్టరు లైటు వేసి గొంతులోకి చూసి, అంతా బాగానే ఉంది, దుఃఖం వల్ల ఒక్కోసారి ఇలా అవుతుంది, అదే వస్తుంది అన్నాడు. స్టేషన్లో వేరే అమ్మాయి బళ్ళ పేర్లు చదువుతోంది. మ్యూజియం అధికారి వచ్చి, రాయి మీద చెక్కమంటారా అని అడిగితే తల ఊపింది.

తర్వాత కొన్నాళ్ళకు గైడమ్మాయి ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ఆ రోజు నేనూ విన్నాను మేడమ్," అంది చివరికి. "నన్ను పిచ్చిదని అనుకోరుగా. ఆయన పలకడం విన్నాను. ఎవరు పిలిచారని అడగడం విన్నాను. మీ అమ్మగారు 'నేను' అనడం విన్నాను. ఆ వెంటనే మీరు కూడా అన్నారు కదా, 'అమ్మ కాదు, నేను' అని."

అనౌన్సరమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది. ఆ మాటే అనలేదు. అననందుకే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

"అన్నారు మేడమ్. మీ గొంతు నాకు తెలియదా? కాకపోతే…" గైడమ్మాయి వాకిలివైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగింది. "మీరు బల్ల దగ్గర నోరు నొక్కుకుని ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను. గొంతు మాత్రం తలుపు అవతలి నుంచి వచ్చింది."

అనౌన్సరమ్మ చెయ్యి తన గొంతు మీదికి పోయింది.

"ఇప్పటికీ వస్తోంది," అంది గైడమ్మాయి గుసగుసగా. "మూసేసే వేళకు, జనం వెళ్ళిపోయాక. మీ గొంతే. 'నాన్నా' అని పిలుస్తుంది. కాసేపు ఆగి, 'అమ్మా' అంటుంది. మళ్ళీ నాన్నా… మళ్ళీ అమ్మా… వాచ్‌మన్ పని మానేశాడు. నేనూ మానేస్తున్నాను. మీకు చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు."

అనౌన్సరమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్క సంగతి అడగాలి. పెదాలు కదిలాయి. ఎవరైనా పలుకుతున్నారా? అది అలా పిలుస్తుంటే, అవతల ఎవరైనా పలుకుతున్నారా?

గైడమ్మాయికి అర్థం కాలేదు. పక్కనే కాగితం ఉంది, కలం ఉంది, రాసి అడగొచ్చు. అందుకోబోయి ఆగిపోయింది. ఎవరూ పలకడం లేదంటే ఆ మాట విని ఎలా బతకాలి? పలుకుతున్నారంటే మాత్రం, అక్కడికి వెళ్ళకుండా ఎలా ఉండాలి?

"ఏం కావాలి మేడమ్?" అంది గైడమ్మాయి ఆమె పెదాలకేసి చూస్తూ. "నీళ్ళా?"

అనౌన్సరమ్మ ఆమెవైపు కాసేపు చూసి, అవునని తల ఊపింది.